లేకాక్ అబ్బీ: కింద మఠం, పైన కాపురం. అసలు ఈ ఇల్లు కట్టింది ఎవరు?

స్విండన్ సుబ్బు · శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చదవడమే కానీ నేను రాసేది తక్కువ. ఇవాళ ఒక సందేహం బుర్ర తినేస్తోంది, అందుకే ఈ పోస్టు.

మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి నెలయింది. ప్రతి శనివారం ఎక్కడికో అక్కడికి తిప్పుతున్నాం. ఇవాళ విల్ట్‌షైర్‌లో లేకాక్ అబ్బీకి వెళ్ళాం. మా ఇంటి నుంచి కారులో ముప్పావు గంట. కూలిపోయిన చర్చి ఏదో ఉంటుంది, చుట్టూ ఓసారి తిరిగి, టీ తాగి వచ్చేద్దాం అనుకున్నా.

ముందు కింద క్లోయిస్టర్‌లోకి వెళ్ళాం. మధ్యలో పచ్చిక, చుట్టూ రాతి వసారా. పైకి చూస్తే రాతి కమ్ములు గొడుగు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. అవి కలిసే ప్రతి చోటా ఒక గుబ్బ, దాని మీద ఏదో చెక్కుడు. పక్క గదుల్లో కుర్చీ లేదు, బల్ల లేదు. ఒట్టి రాయి, చలి. సరే, మఠమే కదా అనుకున్నా. అక్కణ్ణుంచి బయటికొచ్చి పడమటి వైపు తిరిగి, రెండు వైపుల నుంచీ ఎక్కే మెట్లెక్కి లోపలికెళ్తే పెద్ద హాలు. గోడల గూళ్ళలో మట్టి బొమ్మలు, పైకప్పు నిండా రంగురంగుల డాలు గుర్తులు. తర్వాత సోఫాలు, పుస్తకాల బీరువాలు, తివాచీలు. నిక్షేపంలాంటి ఇల్లు!

ఒక కిటికీలోంచి లోపలి వైపు తొంగిచూస్తే మేం పొద్దున తిరిగిన పచ్చిక సరిగ్గా మా కిందే ఉంది. మా అత్తగారు నోరు నొక్కుకున్నారు. "కింద గుడి పెట్టుకుని పైన కాపురం ఏంటి బాబూ? పాదాలు ఎవరి నెత్తిన పడుతున్నాయో చూసుకోరా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఇది మఠమా, ఇల్లా? ఎవరు కట్టారు, ఎప్పుడు?

రాతిగోడ · శనివారం రాత్రి 11:05

సుబ్బు గారూ, మీ అత్తగారు ఒక్క మాటలో ప్లాన్ గీసేశారు. మా ఆర్కిటెక్చర్ క్లాసులో దీనికి గంట పట్టింది.

కట్టింది ఒకరు కాదు. మీరు కింద చూసింది అగస్టీనియన్ సన్యాసినుల మఠం, పునాది రాయి 1232లో పడింది. మీరు పైన చూసిన ఇంటికి ఆద్యుడు విలియం షారింగ్టన్, 1540లో కొన్నాడు. మీరు ఎక్కిన మెట్ల పైనున్న హాలు 1750ల నాటిది. దక్షిణం వైపు పొడవాటి గదిలో బయటికి పొడుచుకొచ్చిన కిటికీలు మూడు చూశారా? అవి 1830 ప్రాంతానివి. అంటే సుమారు ఆరు వందల ఏళ్ళ పని ఒకదాని మీద ఒకటి కూర్చుంది.

మధ్యలో జరిగింది ఇది. 8వ హెన్రీ పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాక 1536 నుంచి 1540 లోపు ఇంగ్లండ్, వేల్స్‌లలో మఠాలన్నీ మూయించాడు. సుమారు ఎనిమిది వందలు. భూములు, భవనాలు రాజు ఖాతాలోకి వచ్చాయి. వాటిని అమ్మకానికి పెడితే కొలువులో ఉన్నవాళ్ళు కొనుక్కున్నారు. లేకాక్ మఠం 1539 జనవరిలో మూతపడింది. మరుసటి ఏడు షారింగ్టన్ 783 పౌన్లకి కొన్నాడు.

కొనగానే చేసిన మొదటి పని చర్చిని పడగొట్టించడం. రాయి చేతికొస్తుంది, ఇంటికి చర్చి అక్కర్లేదు. కానీ క్లోయిస్టర్‌ని ముట్టుకోలేదు. చాప్టర్ హౌస్ (మఠంవాళ్ళు సమావేశమయ్యే గది), పూజాసామగ్రి దాచే గది, చలి కాచుకునే గది, అన్నీ అలాగే వదిలేశాడు. భక్తితో కాదులెండి. మఠంలో సన్యాసినులు పడుకునే శాల, భోజనశాల ముందు నుంచీ మేడ మీదే ఉండేవి. కింది రాతి కప్పులు ఆ బరువు మోస్తూనే ఉన్నాయి. ఇంత బందోబస్తు పీఠం ఊరికే దొరుకుతుంటే కూలగొట్టడం ఎందుకు? ఆ శాలలకి అడ్డగోడలు పెట్టి, పొయ్యిలు, కిటికీలు పెట్టి గదులు చేసుకున్నాడు. కింద ఉన్నది ఆయన లెక్కలో సామాన్ల కొట్టు, పనివాళ్ళు తిరిగే దారి.

కిరణ్77 · శనివారం రాత్రి 11:21

సింపుల్‌గా చెప్పాలంటే కబ్జా. రాజుగారు దేవుడి మాన్యం లాగేసుకున్నారు, దగ్గరివాళ్ళకి పట్టాలు ఇచ్చారు. మనకి తెలియని కథా ఏంటి 😀

గోదారిపిల్ల · ఆదివారం ఉదయం 7:48

కిరణ్, నవ్వొచ్చింది కానీ ఈ మఠం ఎవరిదో తెలిస్తే నవ్వు ఆగిపోతుంది. అందరూ షారింగ్టన్ దగ్గర మొదలెడతారు, నాకు అదే కోపం. దీన్ని కట్టించింది ఒక ఆడమనిషి.

పేరు ఈలా. సాల్స్‌బరీ ఎర్ల్‌గిరీ, అంటే పెద్ద జమీందారీ లాంటి హోదా, ఆమెకి తండ్రి నుంచి వచ్చింది, అప్పటికింకా చిన్నపిల్ల. రాజు 1వ రిచర్డ్ ఆమెని తన సవతి తమ్ముడు విలియం లాంగెస్పేకి ఇచ్చి పెళ్ళి చేశాడు. అతను 2వ హెన్రీకి పెళ్ళి కాకుండా పుట్టిన కొడుకు. ఇప్పుడు మనం చూసే సాల్స్‌బరీ కెథడ్రల్‌కి 1220లో పునాది రాళ్ళు వేసినవాళ్ళలో భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. 1226లో భర్త పోయాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని ఒత్తిళ్ళు వచ్చినా ఒప్పుకోలేదు. విల్ట్‌షైర్‌కి షెరీఫ్‌గా కూడా పనిచేసింది. పదమూడో శతాబ్దంలో ఒక వితంతువు జిల్లా అధికారం చలాయించడం అంటే చిన్న విషయం కాదు.

1232 ఏప్రిల్ 16న పొద్దున లేకాక్‌లో ఆడవాళ్ళ మఠానికి, అదే రోజు మధ్యాహ్నం హింటన్‌లో మగవాళ్ళ మఠానికి శంకుస్థాపన చేసిందని చెప్తారు. రెండింటికీ మధ్య పదహారు మైళ్ళు, గుర్రం మీద. కొన్నేళ్ళకి తనే లేకాక్‌లో సన్యాసం పుచ్చుకుని, మొదటి అబ్బెస్, అంటే మఠం పెద్దమ్మ అయింది. 1257లో పదవి వదిలేసి 1261లో అక్కడే పోయింది. రాజు 3వ హెన్రీ అడవి నుంచి కలప ఇప్పించాడు. రాయి బాక్స్ దగ్గరున్న హేజిల్‌బరీ గని నుంచి వచ్చేది. సుబ్బు గారు చూసిన ఆ విచ్చుకున్న రాతి కమ్ములు మాత్రం ఈలా కాలంవి కావు, వసారాలని పదిహేనో శతాబ్దంలో తిరగకట్టారు.

ఇంకో ముచ్చట. 1535లో 8వ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ మనుషులు మఠాల మీద తనిఖీకి వచ్చారు. ఎక్కడికెళ్ళినా తప్పులు వెతకడమే వాళ్ళ పని. లేకాక్‌లో చెప్పుకోదగ్గ తప్పు దొరకలేదు. కానీ ఆ తనిఖీదారు ఒక వింత గమనించి రాశాడు: ఈ అమ్మలు తమ నియమావళిని ఫ్రెంచిలో పెట్టుకున్నారు, అది వాళ్ళకి బాగా అర్థమవుతుంది కూడా, కాకపోతే అది ఇప్పటి వాడుక ఫ్రెంచి కాదు, కోర్టు కాయితాల్లో ఉండే పాతకాలపు ఫ్రెంచిలా ఉంది అని. మూడు వందల ఏళ్ళ కిందట ఈలా మాట్లాడిన భాషని గోడల లోపల భద్రంగా దాచుకున్నారన్నమాట. మా అమ్మమ్మ వాళ్ళింట్లో పెళ్ళి పాటలు ఇలాగే ఉండేవి, బయట ఎవరికీ అర్థంకాని మాటలతో.

మూత పడకుండా ఉండటానికి 300 పౌన్లు జరిమానా లాంటిది కట్టి రెండేళ్ళు గడువు తెచ్చుకున్నారు. తర్వాత అదీ అయిపోయింది. పెన్షన్లు ఇచ్చి పంపించేశారు.

మూర్తి మాస్టారు · ఆదివారం ఉదయం 9:30

గోదారిపిల్ల గారూ, చక్కగా రాశారమ్మా.

నేను గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినవాణ్ణి. చర్చి రాయి తీసి ఇల్లు కట్టుకున్నాడు అనగానే నాకు మన అమరావతి గుర్తొచ్చింది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త ఊరు కట్టేటప్పుడు, రాయి కోసం పనివాళ్ళు దీపాలదిన్నె తవ్వారు. దిన్నె కింద ఉన్నది మహాస్తూపం. చెక్కుడు పలకలు కొన్ని కొత్త కట్టడాల్లోకి వెళ్ళాయి. కర్నల్ మెకంజీ వచ్చి చూసేసరికే సగం చెదిరిపోయింది. మిగిలినవాటిలో కొంత భాగం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. సుబ్బు బాబూ, మీ అత్తగారిని తప్పకుండా తీసుకెళ్ళు, తెనాలి నుంచి అమరావతి ఎంత దూరమని!

అయితే ఒక తేడా ఉంది. నాయుడు గారి కాలానికి స్తూపంలో పూజలు ఆగిపోయి ఎన్నో వందల ఏళ్ళు. అది మట్టిదిన్నె. లేకాక్‌లో నిన్నటిదాకా ప్రార్థన జరిగిన చర్చిని ఈరోజు పడగొట్టారు. రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

రాతిగోడ · ఆదివారం ఉదయం 10:15

మాస్టారూ, ఆ తేడా పట్టుకున్నందుకు దండం.

మఠాలు కొన్నవాళ్ళందరూ షారింగ్టన్‌లా చేయలేదు. డెవన్‌లో బక్లాండ్ అబ్బీ ఉంది. అక్కడ గ్రెన్‌విల్ కుటుంబం సరిగ్గా తిరగేసి చేసింది: చర్చినే ఇల్లు చేసుకున్నారు. చర్చి లోపల అంతస్తులు వేశారు, గోపురం కింది భాగంలో హాలు పెట్టారు. తర్వాత 1581లో ఫ్రాన్సిస్ డ్రేక్ కొన్నాడు, భూగోళం చుట్టి వచ్చిన ఆ డ్రేకే. ఇప్పటికీ బయట నుంచి చూస్తే చర్చి ఆర్చీల ఆనవాలు గోడలో కనిపిస్తాయి. హాంప్‌షైర్‌లో మాటిస్‌ఫాంట్ కూడా అంతే, చర్చి నడిమి భాగమే ఇల్లయింది. నాటింగ్‌హామ్ దగ్గర న్యూస్టెడ్‌లో చర్చి ముందు గోడ ఒక్కటే ఉంచేశారు. వెనక ఆకాశం తప్ప ఏమీ ఉండదు, పక్కన ఇల్లు. కవి బైరన్ వంశం వాళ్ళది. యార్క్‌షైర్‌లో ఫౌంటెన్స్ అయితే మఠాన్ని రాతిగనిలా వాడుకుని, ఆ రాయితో కాస్త దూరంలో ఫౌంటెన్స్ హాల్ కట్టారు.

నా దృష్టిలో లేకాక్ ప్రత్యేకత ఏంటంటే, ఇక్కడ మఠం ప్లాన్ చావలేదు. ఇప్పటికీ ఆ ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళాలంటే పచ్చిక చుట్టూనే నడవాలి. సన్యాసినులు నడిచిన దారే.

కిరణ్77 · ఆదివారం ఉదయం 11:02

సరే, కబ్జా మాట వెనక్కి తీసుకుంటున్నా, రిజిస్ట్రేషన్ అయింది కాబట్టి 😀 కానీ ఈ షారింగ్టన్ గురించి కాస్త చదివా. ఘనుడే! బ్రిస్టల్ టంకశాలలో అధికారి. నాణేల్లో వెండి తగ్గించి, అంచులు గీకి, తగ్గించినదంతా జేబులో వేసుకున్నాడు. లెక్కల పుస్తకాలు కూడా మార్చేశాడు. 1549లో దొరికిపోయాడు. థామస్ సీమౌర్ అని అప్పటి బాలరాజు మేనమామ, అతని కుట్రకి డబ్బు సర్దాడని తేలింది. సీమౌర్ తల ఎగిరిపోయింది. ఇతను మాత్రం అంతా ఒప్పుకుని, క్షమాభిక్ష సంపాదించి, సొమ్ము కట్టి ఆస్తి మళ్ళీ కొనుక్కున్నాడు!

కాబట్టి ఆ అందమైన ఇల్లు కట్టింది గీకిన వెండితో. దీన్ని వారసత్వ సంపద అని మనం టికెట్ కొని చూస్తున్నాం.

రాతిగోడ · ఆదివారం మధ్యాహ్నం 12:20

కాదనను. కానీ దొంగకి అభిరుచి ఉండకూడదని రూలు లేదు కదా. ఆగ్నేయ మూలన ఎనిమిది పలకల బురుజు ఒకటి కట్టించాడు, మూడు అంతస్తులు. మధ్య అంతస్తు దస్తావేజులు, విలువైనవి దాచుకునే గది. పై అంతస్తులోకి ఇంట్లోంచి దారి లేదు, పైకప్పు మీద నడిచి వెళ్ళాల్సిందే. భోజనం అయ్యాక ఇద్దరు ముగ్గురు మిత్రుల్ని తీసుకెళ్ళి, పండ్లు, తీపి, వైన్ పెట్టి, చుట్టూ తన భూములు చూపించుకోవడానికి.

ఆ రెండు గదుల్లోనూ ఒక్కో రాతి బల్ల ఉంది, ఎనిమిది పలకలవి. చెక్కింది జాన్ చాప్‌మన్. ఒక బల్లని నలుగురు సటైర్లు గొంతుక్కూర్చుని మోస్తుంటారు. సటైర్ అంటే గ్రీకు కథల్లో మేక కాళ్ళ మనిషి. నెత్తిన పండ్ల బుట్టలు. మన గుళ్ళలో స్తంభాల కింద బరువు మోసే మరుగుజ్జు భూతగణాలు ఉంటాయే, అచ్చం ఆ ముఖకవళికలే: పళ్ళు బిగబట్టి, ఇంకెంతసేపురా అన్నట్టు. ఇంకో బల్ల మీద ధాన్యదేవత సెరెస్, మద్యదేవుడు బాకస్ వగైరా. తేలు గుర్తు కూడా ఉంటుంది చూడండి, అది షారింగ్టన్ చిహ్నం. ఇటలీ నుంచి వస్తున్న కొత్త శైలి ఇంగ్లండ్‌లో అప్పుడప్పుడే అడుగుపెడుతున్న రోజులు. దేశంలో చాలామంది శిల్పులు ఇంకా గోథిక్, అంటే పాత మధ్యయుగపు శైలే, చెక్కుతున్నారు. ఆయన మాత్రం 1550 నాటికే ఈ పని చేయించాడు, 1553లో పోయాడు. కింద వసారాలో మత్స్యకన్య గుబ్బలు, పైన సటైర్లు. మధ్యలో ఎడం వందేళ్ళే.

స్విండన్ సుబ్బు · ఆదివారం మధ్యాహ్నం 2:40

బాబోయ్, ఒక్క రాత్రిలో ఇంత చర్చా! అందరికీ థాంక్స్.

బురుజు అంటే గుర్తొచ్చింది. అక్కడున్న వాలంటీర్ ఒక పెద్దావిడ కథ చెప్పారు. షారింగ్టన్‌కి పిల్లల్లేరు, తమ్ముడు హెన్రీకి ఆస్తి వచ్చింది. హెన్రీ కూతురు ఆలివ్ ఒక జాన్ టాల్బాట్‌ని ప్రేమించింది, తండ్రి ఒప్పుకోలేదు. ఒక రాత్రి పైనుంచి అతనితో మాట్లాడుతూ, "దూకేస్తున్నా, పట్టుకో" అని దూకేసిందట. గాలికి గౌను గొడుగులా ఉబ్బి కాస్త ఆపింది, కింద అతను చేతులు చాచాడు, దెబ్బకి సొమ్మసిల్లి పడిపోయాడు. తండ్రి వచ్చి, ఇంత దూకుడు దూకిన పిల్లని ఇంకేం ఆపుతాం, పెళ్ళి చేసేయండి అన్నాడట. మా అత్తగారికి మొత్తం టూర్‌లో ఇదొక్కటే నచ్చింది. దారంతా "గౌను కాబట్టి సరిపోయింది, చీరైతే కాళ్ళకి చుట్టుకునేది" అంటూనే ఉన్నారు.

ఇది నిజమేనా?

గోదారిపిల్ల · ఆదివారం సాయంత్రం 4:05

పెళ్ళి నిజం. ఆ పెళ్ళితోనే ఇల్లు టాల్బాట్‌ల చేతికొచ్చింది, 1944 దాకా వాళ్ళ వారసులదే. దూకుడు సంగతి పదిహేడో శతాబ్దంలో జాన్ ఆబ్రీ అనే ఆయన రాసిపెట్టాడు. తమాషా ఏంటంటే, ఆయన లెక్కలో ఆలివ్ దూకింది మఠం చర్చి పిట్టగోడ మీద నుంచి. ఆ చర్చిని ఆమె పెదనాన్న ఎప్పుడో పడగొట్టించాడు! లేని గోడ మీద నుంచి దూకిందన్నమాట. తర్వాత తర్వాత చెప్పేవాళ్ళు కథని బురుజు మీదికి మార్చుకున్నారు.

నాకు మాత్రం ఆ పొరపాటే ఇష్టం. చర్చి పోయి వందేళ్ళు దాటాక కూడా ఆ ఊళ్ళో జనం నోట అది నిలబడే ఉంది.

స్విండన్ సుబ్బు · ఆదివారం సాయంత్రం 4:30

ఇంకొక్క డౌటు. ఆ మెట్లెక్కగానే వచ్చే హాలు చూసి, మొత్తంలో అదే అన్నిటికన్నా పాతది అనుకున్నా. కోసు ఆర్చీలు, గూళ్ళు, అంతా మధ్యయుగం లాగే ఉంది. రాతిగోడ గారు 1750లు అంటున్నారు?

రాతిగోడ · ఆదివారం సాయంత్రం 5:10

మోసపోవాలనే అలా కట్టారు, బాధపడకండి. జాన్ ఐవరీ టాల్బాట్ అనే యజమాని, సాండర్సన్ మిల్లర్ చేత 1753 నుంచి 1755 మధ్యలో కట్టించాడు. మిల్లర్ పెద్ద పేరున్న గోథిక్ సరదాల మనిషి. కొత్తగా శిథిలాలు కట్టిచ్చేవాడు! తోటలో పాతకాలపు కోట కూలినట్టు ఉండాలంటే ఆయన్ని పిలిచేవారు. ఈ హాలు కోసం షారింగ్టన్ నాటి హాలుని తీసేశారు. పైకప్పు మీది డాళ్ళు టాల్బాట్ స్నేహితులవి, ఒక్కొక్కరి వంశ చిహ్నం. మట్టి బొమ్మలు సెడర్‌బాక్ అనే శిల్పివి.

చూడండి, ఎంత వింతో. కాళ్ళ కింద నిజమైన మధ్యయుగం నిక్షేపంగా ఉంది. దాన్ని కొట్టుగా వాడుకుంటూ, పైన మధ్యయుగం బొమ్మ ఒకటి కొత్తగా చేయించుకున్నారు. మా ఊళ్ళో పాత మండువా లోగిలి కూల్చేసి, రిసార్టులో సిమెంటు మండువా కట్టినట్టు.

పాతకెమెరా · ఆదివారం రాత్రి 8:55

రెండు రోజుల నుంచి చూస్తున్నా, ఎవరైనా అంటారేమో అని. లేకాక్ గురించి ఇంత మాట్లాడుకుని, హెన్రీ ఫాక్స్ టాల్బాట్ పేరు ఎత్తకపోవడం అన్యాయం! విజయవాడలో పదిహేనేళ్ళు స్టూడియో నడిపా. డార్క్‌రూమ్ గోడకి తగిలించిన ఒకే ఒక బొమ్మ ఆ కిటికీదే.

ప్రపంచంలో ఇప్పటికీ మిగిలి ఉన్న మొట్టమొదటి ఫొటో నెగటివ్ తీసింది ఆ ఇంటి యజమాని ఈయనే, ఆ ఇంట్లోనే, 1835 ఆగస్టులో. పోస్టల్ స్టాంపు కంటే కాస్త పెద్ద కాగితం ముక్క. ఉప్పునీళ్ళలో ముంచి, ఆరబెట్టి, సిల్వర్ నైట్రేట్ పూసి, చిన్న చెక్క డబ్బాలో పెట్టి గంటల తరబడి వదిలేసేవాడు. ఇల్లంతా ఇలాంటి డబ్బాలు పెడుతుంటే భార్య కాన్‌స్టెన్స్ వాటికి ఎలుకబోనులు అని పేరు పెట్టింది. ఆ నెగటివ్‌లో ఉన్నది దక్షిణపు గదిలో మధ్యనున్న ఓరియల్ (బయటికి పొడుచుకొచ్చిన) కిటికీ, లోపలి నుంచి తీసింది. కిటికీ గాజు బిళ్ళలు, వాటి మధ్య సీసం గీతలు. మొదట తీసినప్పుడు భూతద్దం పెట్టి చూస్తే సుమారు రెండు వందల బిళ్ళలు లెక్కపెట్టగలిగేవాళ్ళం అని ఆయనే దాని పక్కన రాసుకున్నాడు.

1839లో ఆయన తన పద్ధతి లోకానికి చెప్తూ, ఈ ఇంటి గురించే అన్నాడు: తన బొమ్మ తానే గీసుకున్న మొదటి భవనం బహుశా ఇదే అని. ఆర్కిటెక్చర్ థ్రెడ్‌లో ఇంతకంటే ఏం కావాలి సార్?

మూర్తి మాస్టారు · ఆదివారం రాత్రి 9:20

భేష్! పాతకెమెరా గారూ, ఒక ప్రశ్న. ఇంటి నిండా కిటికీలుండగా ఆ కిటికీనే ఎందుకు ఎంచుకున్నాడు?

పాతకెమెరా · ఆదివారం రాత్రి 9:34

వెలుతురు మాస్టారూ. ఆ కాగితానికి చురుకు చాలా తక్కువ. కిటికీ దక్షిణానికి ఉంది, ఇంగ్లండ్‌లో ఎండ బాగా వచ్చేది అటు నుంచే. నేరుగా వెలుతురుకి ఎదురుగా డబ్బా పెట్టేస్తే బిళ్ళలు, సీసం గీతలు తెలుపూ నలుపూ స్పష్టంగా విడిపోతాయి. ఇంకోటి, ఆ కిటికీలు పెట్టించింది కూడా ఆయనే. తండ్రి అప్పులు చేసి పోతే ఇల్లు చాలా ఏళ్ళు అద్దెకిచ్చారు. 1827లో తిరిగొచ్చాక దక్షిణపు గదిని బాగుచేయించి ఈ మూడు ఓరియల్‌లు పెట్టించాడు. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు ముందు దేన్ని ఫొటో తీస్తాడు? తను ముచ్చటపడి చేయించిన దాన్నే కదా.

రాతిగోడ · ఆదివారం రాత్రి 10:48

ఒక్క నిమిషం. ఇది చదివి నేను లేచి పాత నోట్సు తీశాను. ఇన్నేళ్ళలో ఈ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

మామూలుగా మఠాల్లో చర్చి ఉత్తరాన, క్లోయిస్టర్ దక్షిణాన ఉంటాయి. చర్చి ఎత్తు కాబట్టి ఉత్తరాన ఉంటే వసారాకి నీడ పడదు, ఎండ తగులుతుంది. లేకాక్‌లో తిరగబడింది: చర్చి దక్షిణాన. ఇప్పుడు మనం ఇంటి దక్షిణపు ముఖం అనుకునేది నిజానికి చర్చి ఉత్తరపు గోడ. షారింగ్టన్ చర్చిని పడగొట్టించినా ఆ ఒక్క గోడా ఉంచేశాడు, క్లోయిస్టర్‌కి అదే ఆనుకుని ఉంది కనక. దాని ముందు చదును చేసిన తోట అంతా చర్చి ఉన్న చోటే.

ఇప్పుడు పాతకెమెరా గారి కిటికీ ఎక్కడుందో చూడండి. ఆ గోడలోనే. 1538లో ఆ చోట కిటికీ తెరిచి ఉంటే కనిపించేది చర్చి లోపలి చీకటి, కొవ్వొత్తులు. ఎండ రావాల్సిన వైపు మొత్తం చర్చి అడ్డం. అది పోయింది కాబట్టే ఆ గోడకి ఎండ తగిలింది. ఎండ తగిలింది కాబట్టే అక్కడ పొడవాటి గది, తర్వాత ఓరియల్, తర్వాత ఆ డబ్బా.

కిరణ్77 · ఆదివారం రాత్రి 11:01

అంటే మా గీకుడు షారింగ్టన్ పుణ్యమే అంటారా 😀

గోదారిపిల్ల · ఆదివారం రాత్రి 11:15

పుణ్యం అనకు కిరణ్. ఈలాని పాతిపెట్టింది ఆ చర్చిలోనే. చర్చి పోయాక ఆమె సమాధి రాయిని క్లోయిస్టర్‌లోకి మార్చారు. ఎండ సంగతి నిజమే, రాతిగోడ గారు చెప్పింది చదివి నాకూ ఒళ్ళు జలదరించింది. కానీ ఆ ఎండ ఎవరి నెత్తి మీద కప్పు తీస్తే వచ్చిందో కూడా అనుకోవాలి.

రాతిగోడ · ఆదివారం రాత్రి 11:22

ఒప్పుకుంటున్నా. నేను కారణం చెప్పాను, తీర్పు కాదు.

మూర్తి మాస్టారు · సోమవారం ఉదయం 6:50

ఇంకొక్కటి చేర్చి వదిలేస్తాను. రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం మాగ్నా కార్టా, దాని 1225 నాటి ప్రతి ఒకటి ఈ లేకాక్‌లోనే వందల ఏళ్ళు ఉంది. ఈలా కుటుంబం విల్ట్‌షైర్ షెరీఫ్ పని చూసింది కాబట్టి వచ్చిందంటారు. మఠం పోయినా, షారింగ్టన్ పట్టుబడినా, అది మాత్రం ఇల్లు దాటలేదు. ఆఖరి యజమానురాలు మటిల్డా టాల్బాట్ ఇంటినీ ఊరినీ 1944లో నేషనల్ ట్రస్ట్‌కి, అంటే పాత కట్టడాల్ని కాపాడే సంస్థకి, ఇచ్చేసి, యుద్ధం ముగిశాక ఆ పత్రాన్ని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చింది. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మొదలుపెట్టిందీ ఆడమనిషే, అప్పజెప్పిందీ ఆడమనిషే.

అమరావతి పలకలు, లేకాక్ పత్రం, రెండూ ఒకే మ్యూజియం గడప తొక్కాయి. పత్రం ఇస్తే వెళ్ళింది. పలకల సంగతి మనకి తెలిసిందే.

స్విండన్ సుబ్బు · తర్వాతి శనివారం రాత్రి 9:17

మళ్ళీ వెళ్ళొచ్చాం. మా ఆవిడ "రెండు వారాలు వరసగా ఒకే ఇంటికా?" అంది కానీ, అత్తగారే బయల్దేరదీశారు. ఈ థ్రెడ్ అంతా ఆవిడకి చదివి వినిపించాను లెండి.

ఈసారి ముందు క్లోయిస్టర్‌లో ఈలా రాయి వెతికి చూశాం. నేల మీద పరిచిన పొడవాటి రాయి, అక్షరాలు అరిగిపోయాయి. పోయినవారం దాని పక్క నుంచే నడిచి వెళ్ళామని తెలిసి అత్తగారు కాసేపు మాట్లాడలేదు. పమిట సర్దుకుని దణ్ణం పెట్టుకున్నారు. చలి కాచుకునే గదిలో పెద్ద లోహపు గంగాళం ఉంది, పోయినసారి నేను పట్టించుకోలేదు. 1500లో మెకెలెన్‌లో (ఇప్పటి బెల్జియంలో ఊరు) పోతపోసిందట, చేసినవాడి పేరు దాని మీదే ఉంది. అత్తగారు అంచు వంక చూసి, "ఇది మా ఇంట్లో పెళ్ళిళ్ళకి సాంబారు కాచేదానికంటే పెద్దది" అని తేల్చారు.

తర్వాత పైకెళ్ళి దక్షిణపు గదిలో మధ్య ఓరియల్ దగ్గర నిలబడ్డాం. కిటికీ నేను ఊహించినదానికంటే చిన్నది. మధ్యాహ్నం రెండవుతోంది, బిళ్ళల నీడ చెక్క నేల మీద వలలాగా పడింది. బయట చదునైన పచ్చిక, దాని మీద ఇద్దరు పిల్లలు పరిగెడుతున్నారు. చర్చి అక్కడే కదా ఉండేది అని అత్తగారికి వేలు పెట్టి చూపించా. "ఎంత పొడుగుండేదో" అన్నారు.

నేను పాతకెమెరా గారి మాట మీద బిళ్ళలు లెక్కపెట్టడం మొదలెట్టా. ఎనభై దాటాక వెనక నుంచి ఎవరో "ఎక్స్‌క్యూజ్ మీ" అన్నారు, ఫొటో తీసుకోవాలట. పక్కకి జరిగి మళ్ళీ మొదటి నుంచి. ఈసారి నూట పదో, నూట ఇరవయ్యో, అక్కడ సీసం గీత ఎండలో మెరిసి వరస తప్పింది. అత్తగారు కిటికీ కింద కూర్చుని "నువ్వు పైనుంచి రా బాబూ, నేను కిందనుంచి వస్తా" అన్నారు. ఇద్దరం మధ్యలో కలిసేలోపు గది మూసేస్తున్నామని చెప్పారు.

పాతకెమెరా · తర్వాతి శనివారం రాత్రి 9:40

సుబ్బు గారూ, అత్తగారి లెక్క ఎంతొచ్చింది?

స్విండన్ సుబ్బు · తర్వాతి శనివారం రాత్రి 9:44

తొంభై ఆరు. తనది కరెక్టే, తప్పంతా నా వైపేనట.